సైడింగులో కమ్మి మోత

కమ్మి మోగింది. పొయ్యి మీద ఉడికే కూడును పొయ్యి మీదే వదిలేశారు. తడిపిన గుడ్డలను రాతి మీదే వదిలేశారు. ముసలివాళ్లను మంచాలతో సహా ఎత్తుకున్నారు. సైడింగు సైడింగంతా పాత రైలుకట్ట వెనక్కి పరుగెత్తింది.

ఎందుకని ఒక్కరూ అడగలేదు. సిగ్నల్ స్తంభానికి వేలాడే ఆ రైలు కమ్మి ముక్క మీద గబగబా దెబ్బలు పడ్డాయంటే గనిలో మందు పేలబోతోందని అర్థం. పరుగెత్తాలి. కట్ట అవతల బోర్లా పడుకుని తల మీద చేతులు పెట్టుకోవాలి. పేలుడు అయిపోయాక కమ్మి మళ్లీ మోగుతుంది, ఈసారి నిదానంగా, ఒక్కో దెబ్బా ఆగి ఆగి. అది రమ్మనే మోత. ఆ మోత వినబడేదాకా తల ఎత్తకూడదు. అక్కడి పిల్లలకు నడక వచ్చేలోపే ఈ సంగతి వచ్చేది.

ఆ మధ్యాహ్నం కమ్మి కొట్టింది నూరున్నీసా. అది ఆమె పని. మేనేజరు రాఘవేంద్రప్రసాద్ జీపు దిగి వచ్చి, పాత గుంతలో ఒక షాట్ పెట్టామమ్మా, కొట్టు, అయిపోయాక విజిల్ వేస్తాను అన్నాడు. కొట్టింది. అందరూ దాటాక అందరికంటే వెనక తనూ పరుగెత్తి కట్ట వెనక సుబ్బరత్నమ్మ పక్కన పడుకుంది.

పేలుడు రాలేదు. ఇంజను చప్పుడు వచ్చింది. నీళ్ల ట్యాంకరేమో అన్నారెవరో. తర్వాత ఏదో పగిలిన చప్పుడు, రేకు వంగిన చప్పుడు.

"మందుకు ముందర ఇంత చప్పుడేందే నూరక్కా?" అని మట్టిలో మొహం పెట్టుకునే అడిగింది సుబ్బరత్నమ్మ.

"పడుకో. ఇంకా కాలేదు."

ఆమె అట్లా అనడానికి కారణం ఉంది. అదే కట్ట వెనక చాలా ఏళ్ల కిందట ఒకడు అన్నీ పేలిపోయాయనుకుని తల ఎత్తాడు. ఒక గుండు మిగిలింది. రాయి వచ్చి కణతకు తగిలింది. వాడు అబ్దుల్ వాహిద్, నూరున్నీసా మొగుడు. ఆ తర్వాతే కంపెనీ ఆమె చేతికి సుత్తి ఇచ్చి కమ్మి దగ్గర నిలబెట్టింది. అది జాలి అన్నారు అప్పట్లో. మొగుణ్ణి చంపిన చోట పెళ్లాన్ని కాపలా పెట్టడం జాలి ఎట్లా అవుతుందో ఎవరూ అడగలేదు. ఆనాటి నుంచీ సైడింగులో తల ముందుగా ఎత్తినవాడు లేడు.

అందుకే పడుకున్నారు. తమ ఇళ్లు కూలుతున్న చప్పుడు వింటూ, తల మీద చేతులు పెట్టుకుని, విజిల్ కోసం కాచుకుని పడుకున్నారు.

దుమ్ము కట్ట దాటి వచ్చింది. తెల్లటి దుమ్ము. సుబ్బరత్నమ్మ వాసన చూసింది. మందు వాసన లేదు. సున్నం వాసన, పాత మట్టి గోడ వాసన. ఆమె లేచి నిలబడింది. ఆమెను కిందికి లాగాలని నూరున్నీసా చెయ్యి చాచి, కొంగు పట్టుకుని, తనూ లేచింది.

ఇళ్ల మొదటి వరస లేదు. రెండు జేసీబీలు ఆ వరస చివర గోడను తోస్తున్నాయి. వాటి వెనక తెల్ల స్కార్పియోలు. మేనేజరు ఫోను ఎత్తిపట్టుకుని ఖాళీ ఇళ్లను వీడియో తీసుకుంటున్నాడు. కట్ట మీద తలలు ఒక్కొక్కటే లేస్తుంటే, బానెట్ మీద కూర్చున్న వాడొకడు పుల్లతో పళ్లు కుట్టుకుంటూ అన్నాడు:

"అప్పుడే లేస్తిరేమప్పా? ఇంకొంచేపు పండుకోనుంటే రెండో వరస గూడా అయిపోయుండునే."

వాడి పక్కనున్న వాళ్లు నవ్వారు. వాళ్ల చేతుల్లో కట్టెలున్నాయి. జనం కట్ట దిగలేదు. చూస్తూ నిలబడ్డారు. బండ్లు వెళ్లిపోయాకే దిగారు.

ఆ రోజు రమ్మనే మోత మోగలేదు.

*

ఆ చోటును మ్యాపులో వెతకొద్దు, దొరకదు. ముద్దనూరు దాటి పులివెందుల వైపు మళ్లితే, ఎర్రటి గుట్టల మధ్య తెల్లగా పొక్కిన నేల కనబడుతుంది. అదే. పుట్టినప్పుడు దానికి పేరు లేదు, చచ్చేటప్పుడు కూడా లేదు. జనం మాత్రం సైడింగు అన్నారు.

గుట్టలో ముగ్గురాయి పడింది. చేతికి తీసుకుంటే చిన్న ముక్క కూడా బరువుగా ఉండే తెల్లరాయి. దానికోసం కంపెనీ వచ్చింది, కంపెనీ కోసం పెద్ద లైను నుంచి ఒక పాయ రైలు కమ్మీలు వచ్చాయి, వాటి వెంబడి కూలీలు వచ్చారు. చక్రాయపేట నుంచి వానలు లేని రైతులు, వల్లూరు నుంచి పొలం పోయినవాళ్లు, జమ్మలమడుగు నుంచి మగ్గం ఆగిన దూదేకుల వాళ్లు. కట్ట పక్కన రెండు వరసల ఇళ్లు లేచాయి. నమాజుకు ఒక రేకుల గది, పెద్దమ్మకు ఒక రాతి అరుగు వచ్చాయి. ప్రొద్దుటూరు నుంచి లక్ష్మీనరసయ్య వచ్చి అంగడి పెట్టాడు. ఇడ్లీ అమ్మే చోటు రెండు వచ్చేసరికి ఊరయిందనుకున్నారు.

వ్యాగన్లు వస్తే పండగే. మొగవాళ్లు రాయి కొట్టేవాళ్లు, ఆడవాళ్లు గంపలు మోసేవాళ్లు. సుబ్బరత్నమ్మ జట్టు గంపలు మోస్తూ పాడే పాటల్లో మేస్త్రీ పేరు రాని పాట ఉండేది కాదు, ఆ పేరు పక్కన మర్యాద ఉన్న పాట ఉండేది కాదు. సాయంత్రానికి మనుషులంతా తెల్లగా మారేవాళ్లు. హిందువెవరో సాయిబెవరో పోల్చుకోవాలంటే స్నానం అయ్యేదాకా ఆగాల్సిందే.

ఆ రాయి మద్రాసు ఓడరేవుకు పోయి, అక్కడి నుంచి గల్ఫుకు పోయేది. చమురు బావులు తవ్వేటప్పుడు దాని పొడి బావిలో పోస్తారట. రాయి ముందు పోయింది. తర్వాత పిల్లకాయలు పోయారు. నూరున్నీసా కొడుకు మొయిన్ కువైట్‌లో ఒక గోడౌన్‌లో బస్తాలు దించుతూ, ఒక బస్తా పగిలితే ఆ పొడిని వేళ్లతో రుద్ది చూసి, ఫోనులో అమ్మతో అన్నాడు, "అమ్మా, ఇది మన మన్నే."

అప్పటికే సైడింగు చావడం మొదలైంది. గుంత లోతు పెరిగి నీళ్లు పడ్డాయి. పంపులు పెట్టడం దండగన్నారు. వ్యాగన్లు తగ్గాయి, తర్వాత రాలేదు. కమ్మీల మధ్య కంప మొలిచింది. కంపెనీ ఆఫీసు తలుపులు పీక్కుని పోయింది. మనుషులు మాత్రం ఉండిపోయారు, ఎందుకంటే వాళ్లకు తలుపులు తప్ప పీక్కుని పోవడానికి ఏమీ లేదు, పోతే పెట్టుకోవడానికి గోడా లేదు. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో బూడిద ఎత్తే పనికి కొందరు, నాపరాళ్ల గనులకు కొందరు పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాళ్లు.

ఇప్పుడు మళ్లీ ముగ్గురాయికి రేటు వచ్చింది. కొత్త లీజుదారు వచ్చాడు, కమ్మి కొట్టే పని నూరున్నీసాకే ఉంచాడు. అతని పేరు సైడింగులో ఎవరూ పైకి అనరు. 'ఆయప్ప' అంటారు. ఆయప్పను చూసినవాళ్లు లేరు. ఆయప్ప బండ్లను చూశారు. ఒకప్పుడు ఆయప్పకు ఎదురు చెప్పిన ఒక బస్సు ఓనరు ఏమయ్యాడో చుట్టుపక్కల అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. పాత కంపెనీ తవ్వకుండా వదిలిన రాయి ఒక్కచోటే మిగిలింది. ఆ చోటు మీద రెండు వరసల ఇళ్లున్నాయి.

ఇప్పుడు ఒక్క వరస ఉంది.

*

భయం ఎట్లా ఉంటుందో చదువుకున్నవాళ్లు పుస్తకాల్లో రాస్తారు. సైడింగులో భయం చాలా మామూలుగా ఉండింది. మోటారు సైకిలు చప్పుడైతే మాట ఆగిపోయేది. పాలు పోసేవాడు గిన్నె కింద పెడితే పక్కింట్లో బిడ్డ ఉలిక్కిపడేది. నూరున్నీసాకు కుడిచెయ్యి వణకడం మొదలైంది. సుత్తి పట్టే చెయ్యి. అన్నం కలుపుతుంటే మెతుకులు జారిపోయేవి. ఎవరూ చూడకుండా ఎడమచేత్తో ఆ చేతిని పట్టుకుని కూర్చునేది.

ఇళ్లు పోయినవాళ్లు గూడ్స్ షెడ్డులో దూరారు. నూరున్నీసా నీళ్లకు పోతే బిందెలు జరిగేవి, మాటలు ఆగేవి. ఒక ముసలామె ఆమె ముందే ఉమ్మేసి, గొంతు పట్టేసిందని అబద్ధం చెప్పింది. సుబ్బరత్నమ్మ మాత్రం మిగిలిన రెండు తపేలాలు చంకన పెట్టుకుని నేరుగా ఆమె ఇంటికే వచ్చింది.

"నువ్వు కొట్టిన కమ్మికి లేచొచ్చిన చుట్టాన్ని. కూడు పెట్టు" అంది.

నూరున్నీసా పెట్టింది. సుబ్బరత్నమ్మ తిని, చెయ్యి కడుక్కుని, ఆ పూట మొదటిసారి ఏడ్చింది. తర్వాత అదే మాట రోజూ పొద్దున్నే అనేది, గుడ్ మార్నింగ్ చెప్పినట్టు.

గూడ్స్ షెడ్డులో మీటింగు పెట్టింది యూనుస్. పాత యూనియన్ మనిషి. వాహిద్ చచ్చిననాడు శవాన్ని కంపెనీ గేటు ముందు పెట్టి కూర్చున్నవాడు, దానికి పనిపోయి ఇప్పుడు కలమల్లలో బూడిద ఎత్తుతున్నవాడు. అతని కూతురు మసరత్ ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతోంది. ఇద్దరూ జమ్మలమడుగు పోయి వచ్చిన సంగతి చెప్పారు.

రెవెన్యూ ఆఫీసరు ఫ్యాను కింద కూర్చుని నింపాదిగా వివరించాడట. రికార్డులో అక్కడ ఊరే లేదమ్మా, ఊరు లేనప్పుడు ఊరు కూల్చారని ఎట్లా రాసుకోమంటావు అన్నాడట. పోలీసు స్టేషన్‌లో ఇంకో మెట్టు పైకెక్కారు. మిమ్మల్ని ఎవరన్నా ఈడ్చారా, కొట్టారా, మీ అంతట మీరే ఇళ్లు ఖాళీ చేసి పోయారు కదా, వీడియో ఉంది అన్నారట.

షెడ్డులో అందరికీ అప్పుడర్థమైంది. కట్టెలతో వచ్చి ఈడ్చి ఉంటే కేసు అయ్యేది. కమ్మి కొడితే కేసు లేదు. జనం భయాన్నే జనం సంతకంగా వాడుకున్నారు.

లక్ష్మీనరసయ్య గొంతు సవరించుకున్నాడు. వల్లూరు దగ్గర స్థలాలిస్తామని మేనేజరు అంటున్నాడనీ, ఆయప్పతో పెట్టుకుని బతికినవాళ్లు లేరనీ, తీసుకుని పోవడం మేలనీ చెప్పాడు. చెడ్డమనిషి కాదు. వాహిద్ చచ్చిననాడు అంగడి మూసినవాడే.

"నీకేమప్పా," అంది సుబ్బరత్నమ్మ, "పొద్దుటూరులో మీ అన్నదమ్ములకు గుడ్డలంగడి ఉండాది. మాకు ఈడ గోడుంటేనే మనుషులం. వల్లూరు కాడ ఇస్తామనే ఆ స్థలం చూసినవా? నేను చూసొచ్చినా. వంకలో ఉండాది. వానొస్తే చేపలు కాపరం చేస్తాయి."

కొందరు నవ్వారు. నవ్వి, బయట ఏదో బండి చప్పుడైతే ఆపేశారు. నీళ్ల ట్యాంకరే. కానీ నవ్వు మళ్లీ రాలేదు. మీటింగు ఏమీ తేల్చకుండానే విడిపోయింది.

*

రాఘవేంద్రప్రసాద్ ఒక పొద్దున నూరున్నీసా ఇంటికి వచ్చాడు. సుబ్బరత్నమ్మ నీళ్లకు పోయింది. అతను చెప్పులు వాకిట్లో విప్పి, మంచం మీద కూర్చుని, మంచినీళ్లడిగాడు. మర్యాదస్తుడు. ఎప్పుడూ గొంతు పెంచడు. ఆయప్ప దగ్గర అతనూ జీతగాడే, ఆ సంగతి అతనికి గుర్తు లేదు.

గోడ మీదున్న మొయిన్ ఫొటో వైపు చూశాడు.

"కువైట్‌లోనే కదమ్మా మీ అబ్బాయి? సెలవుకెప్పుడొస్తాడు?"

ఆమె లోటాతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఎప్పుడొచ్చినా ముద్దనూరులోనే దిగాలి కదా. జాగ్రత్తగా రమ్మను. మన వాళ్లను పంపిస్తాను కావాలంటే, కారులో తీసుకొస్తారు."

నీళ్లు తాగి లోటా కింద పెట్టాడు. శుక్రవారం నమాజు అయ్యాక కమ్మి కొట్టాలన్నాడు. ఈసారి నిజంగానే మందు పెడుతున్నామన్నాడు. రెండో వరస వెనక గుట్టలో ఇప్పటికే మందు దట్టించే బోర్లు వేశారు, ఆమె చూసే ఉంటుంది. తర్వాత లేచి, చెప్పులు వేసుకుంటూ చివరి మాట అన్నాడు.

"నువ్వు కొట్టకపోతే పేలుడు ఆగదమ్మా. రాళ్లు ఇళ్ల మీదే పడతాయి. అప్పుడు చచ్చిన ప్రతి ఒక్కరూ నీ లెక్కే. ఆలోచించుకో."

అతను పోయాక ఆమె ఆ లోటాను కడిగింది. మళ్లీ కడిగింది. సుబ్బరత్నమ్మ బిందెతో వచ్చేసరికి ఇంకా కడుగుతూనే ఉంది.

ఏం చెయ్యాలి? కొడితే జనం కట్ట వెనక్కి పోతారు, జేసీబీలు వస్తాయి, మిగిలిన వరసా పోతుంది. కొట్టకపోతే, మందు నిజమే అయితే, పిల్లా జెల్లా ఇళ్లల్లోనే ఉండిపోతారు. వాహిద్ కణత ఆమె కళ్ల ముందుకొచ్చింది. ఆ కణతలో పట్టిన తెల్లదుమ్మును ఆమె చీర చెంగుతోనే తుడిచింది. అట్లాంటి కణతలు ఎన్ని తుడవాలి? మొయిన్ ముద్దనూరు స్టేషన్‌లో పెట్టె పట్టుకుని దిగుతున్నట్టు కనబడింది. అతని వెనక తెల్ల స్కార్పియో కనబడింది.

ఎవరికీ చెప్పకుండా పుట్టింటి చుట్టాల దగ్గరికి వెళ్లిపోదామనుకుంది. గుడ్డలు మూట కట్టింది కూడా. సుబ్బరత్నమ్మ ఆ మూటను చూసింది, మొహాన్ని చూసింది. మూట మీద కూర్చుంది.

"నేను లేస్తే కదా నువ్వు పోయేది" అంది.

అప్పుడు చెప్పేసింది నూరున్నీసా. ఆమెకొక్కదానికే కాదు, ఇద్దరూ కలిసి షెడ్డుకు పోయి అందరికీ చెప్పారు. ఇళ్లు పోయినవాళ్ల ముందు నిలబడి ఆమె చెప్పింది. ఉమ్మేసిన ముసలామె ముందు వరసలోనే ఉంది.

యూనుస్ అంతా విన్నాడు. కమ్మి మోగితేనే వాళ్లకు ఖాళీ ఇళ్లు దొరుకుతాయన్నాడు. మనుషులున్న ఇంటి మీదికి జేసీబీ తోలితే అది వీడియోలో ఇంకోరకంగా కనబడుతుందన్నాడు. హెచ్చరిక లేకుండా గనిలో మందు పేల్చడం చట్టప్రకారం నేరమనీ, కాలేజీలో తన స్నేహితులను పిలిపిస్తాననీ, వాళ్ల చేతుల్లోనూ ఫోన్లుంటాయనీ మసరత్ అంది.

"చట్టం సరేలే పాపా," అని షెడ్డు మూల నుంచి ఒక మొగగొంతు వచ్చింది, "నిజంగానే మందు పేలిస్తే?"

అందరూ యూనుస్ వైపు చూశారు. నాయకులనేవాళ్లు ఇట్లాంటప్పుడు పేల్చరులే అని ధైర్యం చెప్తారు. యూనుస్ చెప్పలేదు.

"తెలీదు," అన్నాడు. "పేలిస్తే పేల్చొచ్చు. నాకూ కాళ్లు వణుకుతాండాయి. మీకు అబద్ధం చెప్పను."

అప్పుడు సుబ్బరత్నమ్మ లేచింది. చీర బిగించుకుంది, గంప ఎత్తబోయేదానిలాగా.

"ఇన్నేండ్లు భయపడి పరిగెత్తినాం. పరిగెత్తి ఏం మిగుల్చుకున్యాం? నా ఇల్లు కూలిపోతా ఉంటే నేను మట్టిలో మొగం పెట్టుకోని పండుకోనుండా. దానికంటే చచ్చేది మేలు. భయం పోదు. భయపడేది భయపడదాం. ఈసారి ఇంట్లో కూసోని భయపడదాం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఉమ్మేసిన ముసలామె నిదానంగా లేచి వచ్చి నూరున్నీసా వణికే చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అదే తీర్మానం. ఎవరూ రాసుకోలేదు.

కమ్మిని ఆ సాయంత్రమే దించారు. అంత బరువుంటుందని ఇన్నేళ్లు కొట్టిన నూరున్నీసాకు కూడా తెలియదు. మొగవాళ్లు మోకులు కట్టి దించి భుజాల మీద మోశారు. యాడ దాచుదాం అనుకున్నారు. దాచొద్దంది ఆమె. తన ఇంట్లోనే, రెండు రాళ్ల మీద, అడ్డంగా పెట్టించుకుంది.

*

శుక్రవారం పొద్దున్నే లక్ష్మీనరసయ్య సామాను ఆటోలో ఎక్కించుకుని ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు. ఎవరూ తిట్టలేదు. ఆయన కూడా తల ఎత్తి చూడలేదు. మసరత్ స్నేహితులు ముద్దనూరు దగ్గరే ఆగిపోయారు. రోడ్డు మీద పోలీసులు అడ్డం పెట్టారట. సైడింగు తన భయంతో తనే మిగిలింది.

నమాజు అయ్యింది. బండ్లు వచ్చాయి. గుట్ట మీద బోర్లలో మందు దట్టిస్తున్న మనుషులు కనబడుతున్నారు. వైర్లు పరుచుకుంటూ ఒకడు వెనక్కి నడుస్తున్నాడు. అబద్ధం కాదు. మందు నిజమే.

రాఘవేంద్రప్రసాద్ జీపు దిగి సిగ్నల్ స్తంభం వైపు చూశాడు. ఖాళీ. కొంచెంసేపు అట్లానే చూశాడు. అంతలో జీపు మీది సైరను మోగింది.

కాళ్లు కదిలాయి. అది చెప్పకపోతే కథ అబద్ధమవుతుంది. ప్రతి ఇంట్లోనూ కాళ్లు లేచాయి. ఒక తల్లి బిడ్డను చంకనేసుకుని గడప దాటేసింది, మళ్లీ వెనక్కి వచ్చింది. యూనుస్ రెండు చేతులతో మోకాళ్లను అదిమిపెట్టుకుని వాకిట్లో కూర్చున్నాడు. నూరున్నీసా కమ్మి పక్కన నేల మీద కూర్చుని, దాని చల్లటి ఇనుమును కావలించుకుంది. కళ్లు మూసుకుంది. పెదాలు ఏదో చదువుతున్నాయి. పక్కన సుబ్బరత్నమ్మ పళ్లు టకటక కొట్టుకోవడం వినబడుతోంది.

సైరను మోగుతూనే ఉంది. ఒక్క మనిషీ కట్ట వైపు పోలేదు.

గుట్ట మీద మందు పేల్చేవాడి పేరు రహీం. వేంపల్లె మనిషి, రోజుకూలీ కంటే కొంచెం ఎక్కువ వాడు, అంతే. అతను కింద ఇళ్లను చూశాడు. ఒక ఇంట్లోంచి పొగ లేస్తోంది. ఎవరో పొయ్యి వెలిగించారు. ఒక వాకిట్లో ఆడమనిషి బిడ్డకు పాలిస్తూ ఇటే చూస్తోంది.

"పేల్చు" అని మేనేజరు కిందినుంచి చెయ్యి ఊపాడు. ఊపి, మళ్లీ ఊపాడు.

"మనుషులుండారు సార్."

"పోతారు. నువ్వు పేల్చు."

"వాళ్లు పోవడం లేదు. నేను పేల్చను."

బానెట్ మీద కూర్చునేవాడు కట్టె పట్టుకుని గుట్ట ఎక్కాడు. రహీం వైర్లు ఊడబీకి చేతికి చుట్టుకుని కింద కూర్చున్నాడు. అతన్ని కొట్టారు. ఆ దెబ్బల చప్పుడు కింద ఇళ్లదాకా వినబడింది. అతనితో పనిచేసే కూలీలు మొదట చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఒకడు తన గడ్డపార కింద పారేశాడు. తర్వాత ఇంకొకడు. గడ్డపారలు రాళ్ల మీద పడే చప్పుడు ఒకదాని వెనక ఒకటి వచ్చింది. కొట్టేవాడి చెయ్యి గాల్లోనే ఆగింది.

ఆ పూట మందు పేలలేదు. జేసీబీ కదల్లేదు.

కాబట్టి పోలీసు జీపు వచ్చింది. రోడ్డు మీద పిల్లలను ఆపిన జీపే. ఎస్సై నేరుగా నూరున్నీసా ఇంటికి వచ్చాడు. రైల్వే ఆస్తి దొంగతనం అన్నాడు. ఏళ్ల తరబడి కంప మొలిచిన కమ్మీలను ఎవడూ లెక్కపెట్టలేదు. ఈ ఒక్క ముక్క ఆ మధ్యాహ్నం రైల్వే ఆస్తి అయింది.

"నేనే తెచ్చుకున్యా," అంది నూరున్నీసా. "ఇది మోగితే జనం చస్తారు. అందుకని తెచ్చుకున్యా."

కమ్మిని సాక్ష్యంగా ఎత్తమన్నాడు ఎస్సై. ఇద్దరు కానిస్టేబుళ్లు వంగి పట్టుకున్నారు, మొహాలు ఎర్రబడ్డాయి, కమ్మి కదల్లేదు. వాకిలి నిండా జనం. కొంచెం చెయ్యి వెయ్యండయ్యా అన్నాడు ఒక కానిస్టేబులు, అలవాటు కొద్దీ.

"మాకు నడుములు పోయినాయి సార్," అంది సుబ్బరత్నమ్మ, "మీ రైల్వే రాళ్లు మోసి మోసి."

సుత్తి ఒక్కటే తీసుకున్నారు. సుత్తినీ ఆమెనూ జీపులో ఎక్కించారు. ఆమెకు భయం పోలేదు. స్టేషనంటే భయం, మొయిన్‌కు ఏమవుతుందోనని భయం, ఈ జీపు తిన్నగా ముద్దనూరుకే పోతుందా అని భయం. వెనక సీట్లో కూర్చుని వణికే కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుంది. జీపు కట్ట పక్కన మలుపు తిరిగింది.

అప్పుడు మోగింది.

ఆమె ఇంట్లోంచే. సుత్తి పోలీసుల దగ్గరుంది కాబట్టి ఎవరో గడ్డపారతో కొడుతున్నారు. ఒక దెబ్బ. చాలాసేపు ఆగి, ఇంకో దెబ్బ. ఆమెకు మొదట అర్థం కాలేదు. సుత్తి చేతికొచ్చిన ఇన్నేళ్లలో ఆ మోతను ఆమె ఎప్పుడూ దూరం నుంచి వినలేదు. ఎప్పుడూ కొట్టేది తనే.

రమ్మనే మోత.

ఇంకో ఇంట్లోంచి మోగింది. అక్కడ గడపకు ఇనుప ముక్క ఉంది. ఇంకో ఇంట్లో బర్రెను కట్టేసే ఇనుప గుంజ. గూడ్స్ షెడ్డులో వ్యాగన్లను ఆపే పాత బఫర్ దిమ్మె. వ్యాగన్లు పోయాక సైడింగులో ఏ ఇంట్లో రైలు ఇనుము లేదు కనక? అన్నీ ఒకే నిదానంతో, ఒకే ఆగుడుతో మోగాయి. గుట్ట మీద రహీం తోటి కూలీలు తలలు తిప్పి విన్నారు. వాళ్లకా మోత తెలియదు. ముందు కొత్తగా చూశారు, తర్వాత రహీంను భుజాల కింద పట్టుకుని గుట్ట దిగడం మొదలుపెట్టారు.

ఆ మోత వింటే సైడింగు కాళ్లు ఏం చేస్తాయో అందరికీ తెలుసు. కట్ట వెనక నుంచి లేచి రావడమే వాటి అలవాటు. వచ్చారు. ఇళ్లలోంచి, షెడ్డులోంచి, కూలిన మొదటి వరస గోడల మీది నుంచి వచ్చారు. ముసలివాళ్లను ఎవరూ మంచాలతో మోయలేదు. వాళ్లే నడిచి వచ్చారు.

ఎస్సై డ్రైవరును తొందరపెట్టాడు. డ్రైవరు హారను కొట్టాడు. ముందు అద్దంలోంచి నూరున్నీసా చూసింది. రైలు కమ్మీలకు అడ్డంగా, దారికి అడ్డంగా మనుషులు. అందరి మొహాల్లోనూ భయం కనబడుతూనే ఉంది. యూనుస్ అందరికంటే ముందున్నాడు. మసరత్ ఫోను ఎత్తి పట్టుకుంది. సుబ్బరత్నమ్మ కనబడలేదు.

కనబడదు. ఆమె ఇంకా కమ్మి కొడుతోంది.

జీపు ఆగింది. సీటు కింద సుత్తి దొర్లి నూరున్నీసా పాదానికి తగిలింది. ఆమె కుడిచెయ్యి ఒళ్లో ఆ దెబ్బలకు తగ్గట్టు కదులుతోంది, ఒక్కోటీ ఆగి ఆగి.